పెద్దల కాలనీ క్లబ్బు: మీరడిగినవి

మిర్యాలగూడ నుంచి: మా రిటైర్డ్ ఉద్యోగుల కాలనీ క్లబ్బులో క్యారమ్ బోర్డు దగ్గర రోజూ లొల్లి. రెడ్డు (ఎర్రకాయ) పడ్డదంటే ఎవరి లెక్క వారిదే. ముసురు పట్టినప్పుడైతే స్ట్రైకరే కదలదు.

జవాబు: లెక్కను పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. రెడ్డు వేసినవారు అదే దెబ్బకు గానీ, ఆ వెంటనే కొట్టే దెబ్బకు గానీ తమ రంగు కాయ ఒకటి వేయాలి. లేకుంటే రెడ్డు మళ్లీ నడిమి గుండ్రంలోకి పోతుంది. బోర్డు, అంటే ఒక విడత ఆట, గెలిచినవారికి ఎదుటివారి కాయలెన్ని మిగిలితే అన్ని పాయింట్లు. రెడ్డు కూడా వారిదే అయితే ఇంకో 3. అప్పటికే 22 పాయింట్లకు చేరినవారికి ఆ మూడూ కలవవు. ఎక్కువ తగాదాలు ఇక్కడే. ఆట 25 పాయింట్లకు, లేదా 8 బోర్డులకు. నడుము నొప్పులున్నవారు 4 బోర్డులకు కుదించుకోవచ్చు, కానీ ఆట మొదలు కాకముందే అనుకోవాలి.

స్ట్రైకర్ కదలకపోవడం చెమ్మ వల్ల. తడి గాలికి పౌడరు ముద్దకడుతుంది. అప్పుడు అందరూ చేసే పని ఇంకింత చల్లడం. దాంతో ఇంకా పట్టేస్తుంది. ఉన్నదంతా పొడిగుడ్డతో తుడిచేసి, సన్నటి బోరిక్ పౌడరు రెండు చిటికెలు మాత్రం వేయండి. తడిగుడ్డ తగలనీయొద్దు. బోర్డు పైన పాత గుండు బల్బు అరగంట ముందే వెలిగిస్తే చెమ్మ ఆరుతుంది. ఎల్‌ఈడీకి ఆ వేడి ఉండదు. బోర్డును గోడకు వాల్చి పెడితే వంకరపోతుంది, బల్ల మీద పరిచే ఉంచండి. పౌడరు డబ్బా టీ బల్ల మీద మాత్రం వద్దు. చక్కెర అనుకునే ప్రమాదముంది, కడుపులోకి పోతే విషం.

నల్లగొండ నుంచి: శనివారం భజనకు మొదట్లో నలభై మంది వచ్చేవారు. ఇప్పుడు పన్నెండు మందే. ఆసక్తి పోయిందంటారా?

జవాబు: ముందు కుర్చీలు చూడండి. మీ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లకు కీళ్లు బిగుసుకున్నవారు తక్కువేమీ కాదు. జంపఖానా పరిస్తే వాళ్లు గుమ్మంలోంచే తిరిగిపోతారు. చేతులున్న కుర్చీలు, కూర్చునే చోటు నేలకు 45 సెంటీమీటర్లు ఉండేవి, అర్ధచంద్రంగా వేయండి. ఆ జంపఖానాను గోడకు వేలాడదీయండి, టైల్స్ గదిలో మోత తగ్గుతుంది.

తర్వాత చెవి. వయసుతో ముందుగా తగ్గేది సన్నటి ధ్వనుల వినికిడి. స, శ, త లాంటివి జారిపోయి మాట ముద్దగా వినిపిస్తుంది. సౌండు పెంచితే మోత పెరుగుతుందే కానీ మాట తేటపడదు. ఫ్యాన్ల వేగం తగ్గించండి. మైకు నోటికి జానెడు లోపలే ఉండాలి. స్పీకరు మైకుకు ముందువైపు, జనం వైపు తిరిగి ఉండాలి; వెనక పెడితే దాని మోత మళ్లీ మైకులోకే పోయి కూత పెడుతుంది.

శ్రుతి కూడా దించాలి. అయిదు శ్రుతిలో పాడిన ఆడవాళ్ల గొంతు డెబ్భై దాటాక నాలుగుకో, మూడుకో దిగుతుంది. పాత శ్రుతే పెట్టి అందుకోలేక మానేసినవారు ఆ ఇరవై ఎనిమిది మందిలో ఉండే ఉంటారు, అడిగి చూడండి.

దేవరకొండ నుంచి: ఇరవై మందిమి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూద్దామనుకున్నాం. సగం మంది ఇప్పుడు రామంటున్నారు.

జవాబు: చాలామందికి బయటికి చెప్పుకోని భయం ఒకటే, బాత్రూము. దారిలో ఎక్కడెక్కడ ఆగుతారో, అక్కడ కమోడ్ ఉందో లేదో ముందే ఒకరు వెళ్లి చూసి రండి. ఆ సంగతి నోటీసులోనే రాయండి. బీపీకి నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) పొద్దున వేసుకునేవారు ఆ రోజు ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును అడగాలి, సొంతంగా మానొద్దు. బస్సు మెట్టు ఎత్తు కాబట్టి కదలని చెక్కపీట ఒకటి పట్టుకెళ్లండి. ఎండకాలం పది దాటితే గుడి బండలు కాలుతాయి, ఏడింటికల్లా అక్కడుండాలి. లింగం వెనక గోడ మీద నీడ పొద్దుతో పాటు జరగదు కాబట్టి దాని కోసం మధ్యాహ్నం దాకా ఆగే పని లేదు.

మహబూబ్‌నగర్ నుంచి: పది రూపాయల రమ్మీ ఆడుకుంటే తప్పా?

జవాబు: తప్పే. 2017లో రాష్ట్ర గేమింగ్ చట్టాన్ని సవరించాక డబ్బు పెట్టి ఆడే రమ్మీకి మినహాయింపు లేదు. పందెం లేకుండా ఆడుకోండి. లేదంటే వామనగుంటలు పెట్టండి, బిగుసుకున్న వేళ్లకు కసరత్తు కూడా. చింతగింజలు వేళ్లకు చిక్కకుంటే గచ్చకాయలు పోసుకోండి.