ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) యూనిట్ చేతికొచ్చిన కొత్త లెక్చరర్‌కు

అనంతపురం

నాయనా,

యూనిట్ బాధ్యత నీ మీద పెట్టినారని, రిజిస్టరులో వంద పేర్లున్నా పిలిస్తే పదిమంది కూడా రావడం లేదని రాసినావు. అది పిల్లల సోమరితనం అనుకోవద్దు. ముందు బస్సుల టైములు రాసుకో.

రాప్తాడు, గార్లదిన్నె, శింగనమల, పామిడి దిక్కు నుంచి పాసుల మీద వచ్చిపోయే పిల్లలు మన కాలేజీల్లో చాలామంది. సాయంత్రం నాలుగున్నరకు మీటింగు పెడితే పల్లెబస్సు తప్పుతుంది. ఆడపిల్ల ఒక్కసారి చీకటి పడినాక ఇల్లు చేరిందంటే రెండోసారి ఇంట్లోవాళ్లు పంపరు. కాబట్టి పని మధ్యాహ్నం భోజనం గంటలోనో, శనివారం పొద్దున్నో పెట్టు. ఎప్పుడు మొదలో ఎప్పుడు ముగింపో రెండూ చెప్పు, చెప్పిన టైముకు వదిలెయ్.

‘సేవ చేద్దాం రండి’ అని స్టేజీ మీద పిలిస్తే చప్పట్లే వస్తాయి. పని ముక్కలు చేసి, ఒక్కొక్కరిని విడిగా అడగాలి. ‘శుక్రవారం ఒంటిగంట నుంచి రెండు దాకా గేటు దగ్గర కూర్చుని, ఓటరు నమోదుకు ఫారం 6 నింపడంలో జూనియర్లకు సాయం చేస్తావా?’ అని అడిగి చూడు. వందమందిని పదేసి మందిగా విడగొట్టి, ప్రతి గుంపుకూ ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని ముందు పెట్టు. క్లాసులో బాగా మాట్లాడేవాణ్ణే నాయకుణ్ణి చేయడం అందరూ చేసే తప్పు. చెప్పిన టైముకు వచ్చేవాణ్ణి చూడు.

మొక్కల సంగతికొస్తే, ఫొటో కోసం రెండొందలు నాటితే ఎండాకాలానికి పుల్లలు మిగుల్తాయి. మన జిల్లా వాన నీకు తెలిసిందే. జులై, ఆగస్టుల్లో పదును చూసుకుని వేప, కానుగ మొక్కలు ఇరవై నాటండి, చాలు. గుంత అడుగున్నర లోతు, అంతే వెడల్పు ఉండాలి. అదే రోజు చుట్టూ ముళ్ల జాలికంప కట్టకపోతే మరుసటి రోజుకే మేకలు కొరికేస్తాయి. ఎండాకాలంలో మొక్కకు వారానికి ఒక బిందె నీళ్లైనా పోయాలి. సెలవుల్లో కాలేజీలో ఎవరూ ఉండరు గనక, ఊళ్లోనే ఉండే పిల్లల పేర్లు మొక్కవారీగా ఇప్పుడే రాసిపెట్టు. జాలికంప కొట్టే పని పెట్టుకుంటే బూట్లు లేనివాళ్లను దింపొద్దు, చెప్పుల్లోంచి ముల్లు దిగుతుంది. మొద్దు పెకలించకుండా పైపైన కొడితే అది మళ్లీ చిగురిస్తుంది.

రక్తదానం శిబిరంలో జరిగే పొరపాటు వేరు. పల్లె నుంచి ఏడు గంటల బస్సెక్కే పిల్లలు టిఫిన్ తినకుండా వస్తారు, సూది చూసినాక కళ్లు తిరుగుతాయి. ‘తినిరండి’ అని ముందురోజు చెప్పు, ఆ పొద్దున ఉగ్గాణి పెట్టించు. పద్దెనిమిదేళ్లు నిండాలి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మొదటి సంవత్సరం పిల్లల్లో కొందరికి ఇంకా వయసు రాదు. చాలామంది ఆడపిల్లలు హిమోగ్లోబిన్ దగ్గర ఆగిపోతారు. ఆ మాట అందరి ముందూ చెప్పనీయొద్దు. వాళ్లకు రిజిస్ట్రేషనో, రక్తమిచ్చినవాళ్లను పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి చూసుకునే పనో అప్పగించు. మంచానికి గంటకు ముగ్గురు, నలుగురికి మించి కాదు. నాలుగు మంచాలేసుకుని రెండొందల మందిని లైన్లో నిలబెట్టితే సగంమంది విసుక్కుని పోతారు.

ఏడు రోజుల ప్రత్యేక శిబిరానికి ఊరు ఎంచుకోవడంలోనే నీ తెలివంతా తెలుస్తుంది. శెనక్కాయ పీకే రోజుల్లో పోవద్దు, ఊళ్లో మనిషి దొరకడు. బస బడిలోనే. రెండు వర్గాలున్న ఊరైతే ఒకరి ఇంట్లో భోజనం చేసినా రెండోవాళ్లు మీ పనికి రారు, అందుకని వంట మీరే చేసుకోండి. యాభైమందికి పూటకు ఏడు కిలోల బియ్యం పడుతుంది, పని చేసిన పూట ఇంకో కిలో. పొద్దున ఆరున్నరకు పనిలో దిగి, ఎండెక్కక ముందే పదికి ఆపెయ్. పాతికమంది గుంపుకు పది పారలు, నాలుగు గడ్డపారలు, పదిహేను గంపలు తగ్గకూడదు. పనిముట్లు తక్కువైన చోటే ఫోన్లు బయటికొస్తాయి. ముఖ్య అతిథులను ముగింపు సాయంత్రానికే పిలువు. పొద్దున పిలిస్తే ఆయన వచ్చేసరికి పని టైమంతా పందిరి కిందే అయిపోతుంది.

లెక్కలు పిల్లల చేతికే ఇవ్వు. కూరగాయల సంచి దగ్గర్నుంచి ఆటో దాకా ప్రతి ఖర్చూ ఒకడు రాయాలి, ఇంకొకరు సరిచూసి సంతకం పెట్టాలి, నెలకోసారి నోటీసుబోర్డు మీద అంటించాలి. తొలి నెల తప్పులొస్తాయి. నువ్వు దిద్దకుండా ఎక్కడ తేడా వచ్చిందో వాళ్లనే వెతకనీ. నాయకత్వం నేర్పడానికి ఉపన్యాసాల కన్నా ఇదే నయమని నా గట్టి నమ్మకం.

హాజరు గంటలు ఏ రోజువి ఆ రోజే ఎక్కించు. ఏడాదికి 120, రెండేళ్లకు 240 గంటలు, ఒక ప్రత్యేక శిబిరం ఉంటేనే సర్టిఫికెట్. చివర్లో కూర్చుని ఊహించి రాసిన రిజిస్టరు నిజంగా కష్టపడిన పిల్లకు అన్యాయం చేస్తుంది.

సీనియర్లు పరీక్షల్లో పడకముందే, జనవరిలోనే ప్రతి గుంపుకూ ఒక జూనియర్‌ని జత చెయ్. పంచాయతీలో ఎవరిని కలవాలి, ట్యాంకరు ఎవరిది, పారలు ఎవరింట్లో ఉన్నాయి, అన్నీ ఒక నోటుబుక్కులో రాయించు.

ఊరు ఖాయం చేసేముందు ఒకసారి పోయి బడి మరుగుదొడ్లకు నీళ్లొస్తున్నాయో లేదో నువ్వే కుళాయి తిప్పి చూసిరా. ఉన్నాయని ఫోన్లో చెప్తే నమ్మొద్దు.

ఆశీస్సులతో,
మీ పాత మాస్టారు