సోడియం-సల్ఫర్ బ్యాటరీలో రెండో సైకిల్‌కే (ఛార్జ్-డిశ్చార్జ్ చక్రం) కెపాసిటీ పడిపోతోంది, ఎందుకు?

ప్రశ్న: కొబ్బరి చిప్పల బొగ్గును పొటాషియం హైడ్రాక్సైడ్‌తో యాక్టివేట్ చేశాం, అంటే సన్నని రంధ్రాలు పడేలా చేశాం. రంధ్రాల ఘనపరిమాణం గ్రాముకు 1 సీసీ వచ్చింది. 60 శాతం సల్ఫర్ నింపి సోడియం కాయిన్ సెల్ (నాణెం ఆకారపు చిన్న బ్యాటరీ) కట్టాం, ఎలక్ట్రోలైట్ (అయాన్లను మోసే ద్రవం) కార్బొనేట్ రకం. మొదటి డిశ్చార్జ్ బాగుంది, రెండోదానికే కెపాసిటీ కుప్పకూలింది. లోపం ఎక్కడ?

జవాబు: సల్ఫర్ ఎక్కువైంది. గ్రాము సల్ఫర్ 0.48 సీసీ పడుతుంది. అదే పూర్తిగా సోడియం సల్ఫైడ్‌గా మారితే 1.31 సీసీ కావాలి. ఆ లెక్కన మీ కార్బన్ గ్రాముకు 0.76 గ్రాముల సల్ఫర్‌నే భరించగలదు, అంటే కార్బన్, సల్ఫర్ కలిసిన మొత్తంలో 43 శాతం. 35 శాతంతో మొదలుపెట్టండి.

అసలు చిక్కు రంధ్రాల బయట మిగిలిన సల్ఫర్. దాని నుంచి పుట్టే పాలీసల్ఫైడ్లు (సల్ఫర్ గొలుసులున్న సోడియం సమ్మేళనాలు) కార్బొనేట్ ద్రావణితో చర్య జరిపి, తిరిగి రాకుండా పోతాయి. నానోమీటరు కన్నా సన్నని రంధ్రాల్లో ఇరుక్కున్న చిన్న సల్ఫర్ అణువులకు ఈ బెడద తక్కువ. కాబట్టి కార్బన్-సల్ఫర్ మిశ్రమాన్ని మూసిన పాత్రలో 155 డిగ్రీల సెల్సియస్ దగ్గర 12 గంటలు ఉంచండి. 159 దాటితే కరిగిన సల్ఫర్ ఒక్కసారిగా చిక్కబడి లోపలికి పాకదు. ఆ తర్వాత ఆర్గాన్ ప్రవాహంలో 250 నుంచి 300 డిగ్రీల దగ్గర పైపూత సల్ఫర్‌ను తరిమేయండి. మిగిలిందెంతో టీజీఏలో (వేడిచేస్తూ బరువు తగ్గుదలను కొలిచే పరీక్ష) చూసుకోవాలి, తూకం వేసి కలిపిన శాతాన్ని నమ్మొద్దు.

ఎలక్ట్రోడ్‌ను వాక్యూమ్‌లో 60 డిగ్రీలకు మించి ఆరబెట్టకండి, సల్ఫర్ ఆవిరైపోతుంది. వాడిన సెల్‌ను బయటి గాలిలో విప్పొద్దు: తేమ తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడుతుంది, అది ప్రాణాంతకం.