నీరసంగా ఉందని దాణా పెంచకండి

ప్రశ్న: నాలుగు ఆవులు, ఒక పెయ్యదూడతో కొత్తగా పశువుల పెంపకం మొదలుపెట్టాను. తెచ్చి వారం కావస్తోంది. ఒక ఆవు మేత దగ్గర వెనకబడుతోంది, పేడ కూడా పల్చగా వేస్తోంది. నీరసపడిందేమో, దాణా పెంచనా? ఇంట్లో ఏయే మందులు ఉంచుకోవాలి? ప్రతి చిన్నదానికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ దాణా ఆలోచన మానుకోండి. మేతను అరిగించేది నిజానికి ఆవు పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు, కొత్త మేత వాటికి అలవాటు కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఈలోపు ఒక్కసారిగా గింజల దాణా పోశారంటే పొట్టలో ఆమ్లం పెరిగిపోయి ఉన్న మేత కూడా మానేస్తుంది, మోతాదు మరీ మించితే ప్రాణం మీదకే వస్తుంది. అమ్మినవాళ్లకి ఫోన్ చేసి అక్కడ ఏం మేపేవారో, ఎంత పెట్టేవారో అడగండి. వీలైతే అదే మేత కొంత తెప్పించుకుని, మీ మేతను రోజూ కాస్త కాస్త కలుపుతూ 10-15 రోజుల్లో మార్చండి. ఎండుగడ్డి, మంచి నీళ్లు ఎప్పుడూ ముందు ఉండాలి.

నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. అది జబ్బుతో కాక భయంతో వెనకబడుతూ ఉండొచ్చు. కొత్తగా కలిసిన ఆవులు ఎవరిది పైచేయో తేలేదాకా కుమ్ముకుంటూనే ఉంటాయి, ఓడినది మిగతావి తిని పోయాకే తొట్టి దగ్గరకు వస్తుంది, అప్పటికి అడుగున పుల్లలే ఉంటాయి. ఇంకో తొట్టి కాస్త దూరంగా పెట్టి చూడండి. తింటే సమస్య తొట్టిదే.

అక్కడా తినలేదనుకోండి, ఎడమ పక్కన నిలబడి చూడండి. చివరి పక్కటెముక వెనక, నడుము కింద ముక్కోణంగా ఒక గుంట ఉంటుంది. కడుపునిండా మేసిన ఆవుకి అది దాదాపు చదునుగా కనిపిస్తుంది, లోతుగా పడిపోయి ఉంటే సరిగా తిననట్టే. అక్కడే పిడికిలి గట్టిగా ఆనించి రెండు నిమిషాలు ఆగండి, లోపల పొట్ట మెల్లగా పొర్లుతూ చేతిని బయటికి నెడుతుంది, కనీసం రెండు మూడు సార్లు తెలియాలి. నెమరు సంగతీ చూసుకోండి, బాగున్న ఆవు ఒక్కో ముద్దని 50-60 సార్లు నములుతుంది. అదే గుంట పైకి ఉబ్బి, తడితే డప్పులా మోగుతుంటే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, కడుపుబ్బరం గంటల్లో చంపేస్తుంది.

మందుల మాటకొస్తే, అటక నిండా సీసాలు పేర్చుకునే బదులు ఒక థర్మామీటరు కొనండి. మలద్వారంలో పెట్టి చూస్తే పెద్ద ఆవుకి 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి అటూ ఇటూగా ఉండాలి. 103 దాటినా, 100 కన్నా తగ్గి చెవులు చల్లబడినా డాక్టర్‌ని పిలవండి. యాంటీబయోటిక్స్ మీ అంతట మీరు వేయొద్దు, అవి పాలల్లోకి దిగుతాయి, ఎన్ని రోజులు పాలు పారబోయాలో కూడా డాక్టరే చెప్పాలి. నట్టల మందు, గాలికుంటు టీకా చివరిసారి ఎప్పుడు వేశారో అమ్మినవాళ్లని అదే ఫోన్‌లో అడిగేయండి.

పెయ్య గురించి మీరేమీ రాయలేదు, బాగానే ఉందనుకుంటాను. దానికి గనక పారుడు పట్టుకుంటే రెండు రోజులు చూద్దాంలే అనుకోకండి, దూడలు ఒంట్లో నీరు పోయి ఒక్క రోజులోనే కూలబడతాయి. పాలు ఆపకుండా, మధ్య మధ్యలో దూడలకి ఇచ్చే లవణాల పొడి కలిపిన నీళ్లు పట్టిస్తూ డాక్టర్‌కి కబురు పెట్టండి.