కాలు పోయిన మనిషికి ఎనిమిది లక్షలు చాలా?

ప్రశ్న: మాది అంబర్‌పేట్. మా ఆయనకు 38 ఏళ్లు, ఇళ్లకు కరెంటు పని చేస్తారు. నెలకు 18 వేల దాకా వచ్చేవి. నాలుగు నెలల కింద ఉప్పల్ దాటాక వరంగల్ రోడ్డు మీద లారీ వెనక నుంచి వచ్చి బండిని గుద్దింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఆస్పత్రి ఖర్చులకు నూటికి మూడు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెచ్చాం. నేను టైలరింగ్ చేస్తాను, నెలకు 9 వేలు వస్తాయి. పాపకు ఏడేళ్లు. ఆస్పత్రిలో ఉండగానే ఒకతను వచ్చి కాగితాల మీద సంతకాలు తీసుకున్నాడు, అందులో రెండు తెల్ల కాగితాలు. ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడి 8 లక్షలు ఇప్పిస్తాడట, 30 శాతం వాళ్ల ఆఫీసుకు ఇవ్వాలట. మా వీధిలో జిరాక్స్ షాపు పైన ఒక చిన్న లాయరు ఆఫీసు ఉంది, ఎక్కువగా యాక్సిడెంట్ కేసులే చూస్తారు. ఆ లాయరు గారు కేసు వేద్దాం, రెండేళ్లు పట్టొచ్చు, ఫీజు మొత్తం లక్షన్నర, ముందు 20 వేలు ఇస్తే చాలు అన్నారు. అప్పు తలచుకుంటే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. 8 లక్షలు తీసుకుని బయటపడదామా? ఇంట్లో ఏడు తులాల బంగారం ఉంది.

జవాబు: అమ్మా, తీసుకోకండి. ఎందుకు వద్దంటున్నానో మీ అంకెలతోనే చెబుతాను.

8 లక్షల్లో 30 శాతం అంటే 2 లక్షల 40 వేలు అతనికి పోతాయి. మిగిలిన 5 లక్షల 60 వేల నుంచి 4 లక్షల అప్పు తీరిస్తే మీ చేతిలో ఉండేది లక్షా 60 వేలు. మీ ఆయన తొమ్మిది నెలల సంపాదన కూడా కాదు అది. ఆయనకింకా 38 ఏళ్లే. పరిహారం అనే మాట వినగానే మనకు ఏదో ఒక్కసారిగా వచ్చిపడే డబ్బులా అనిపిస్తుంది. నిజానికి అది ఆయన ముందు ముందు పది పదిహేనేళ్లు సంపాదించాల్సిన కూలి, ఒకేసారి చేతికొస్తుంది. దాన్ని జీతంలా చూసినప్పుడే ఎంతకు ఒప్పుకోవాలో, ఎవరికి ఎంత ఇవ్వాలో, వచ్చాక ఎక్కడ పెట్టాలో తేలుతుంది.

కోర్టు కూడా దాన్ని జీతంలాగే లెక్క కడుతుంది. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు వయసును బట్టి ఎన్నేళ్ల ఆదాయం లెక్కించాలో ఒక పట్టిక ఇచ్చింది. 36 నుంచి 40 ఏళ్ల వాళ్లకు అది 15. 2017లో ప్రణయ్ సేథీ కేసులో, సొంతంగా పని చేసుకునే వాళ్లకు 40 ఏళ్లలోపైతే ముందు ముందు పెరిగే సంపాదన కింద ఆదాయానికి 40 శాతం కలపమంది. ఈ రెండూ మరణాల కేసుల్లో వచ్చిన తీర్పులే అయినా, శాశ్వత వైకల్యం వచ్చిన వాళ్ల లెక్క కూడా ఇలాగే సాగుతుంది. నెలకు 18 వేలు రుజువైతే, 40 శాతం కలిపి 25,200. ఏడాదికి 3,02,400. దాన్ని 15తో గుణిస్తే 45 లక్షల 36 వేలు. ఇందులో ఆయన సంపాదించే శక్తి ఎంత పోయిందో అంత శాతం ఇస్తారు. 60 శాతం అన్నారనుకోండి, 27 లక్షల పైమాటే. ఆస్పత్రి బిల్లులు, కృత్రిమ కాలు ఖర్చు, పడ్డ బాధకు ఇచ్చేది వేరు.

ఇది గ్యారంటీ కాదు. రుజువులు లేవని నెల ఆదాయం 12 వేలే అని కోర్టు తీసుకుంటే అదే లెక్క 18 లక్షలకు దిగుతుంది. హెల్మెట్, లైసెన్సు విషయంలో మీ వైపు తప్పు కొంత ఉందని తేలితే ఇంకా తగ్గొచ్చు. అలా తగ్గినా 8 లక్షలకు పైనే ఉండే అవకాశం ఎక్కువ.

అందుకే ఆదాయం రుజువు మీదే మీ శ్రమంతా పెట్టండి. ఇలాంటి కుటుంబాలు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. నా దగ్గరకు ఒక ప్లంబర్ గారి భార్య వచ్చారొకసారి, ఇలాంటి కేసే. కాగితాలేమీ లేవండీ, అన్నీ చేతి డబ్బులే అన్నారు. ఆయన పనికి వెళ్లే సంచి ఇంట్లో ఉందా అని అడిగితే మర్నాడు తెచ్చారు. అందులో సిమెంటు కంపెనీ వాళ్లు ఇచ్చే పాకెట్ డైరీ ఒకటి దొరికింది. అంచులన్నీ నల్లగా అయిపోయాయి. పేజీ పేజీకి అపార్ట్‌మెంటు పేరు, ఫ్లాటు నంబరు, పక్కన 350, 600, 1200 అని అంకెలు, డబ్బు ముట్టిన చోట టిక్కు. రెండేళ్ల లెక్క అది. మీ ఆయన సంచీ, పాత ఫోన్లూ ఈరోజే చూడండి. ఫోన్‌పే, గూగుల్ పేలో వచ్చిన డబ్బులు బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంటాయి, ప్రమాదానికి ముందు రెండేళ్లది తీసుకోండి. ఎలక్ట్రికల్ షాపులో ఆయన పేరు మీద సామాను కొన్న బిల్లులు, ఎప్పుడూ పని ఇచ్చే ఒకరిద్దరు ఇంటి ఓనర్లు సాక్ష్యం చెబుతామంటే వాళ్ల ఫోన్ నంబర్లు, ఏవీ వదలొద్దు.

వైకల్యం శాతం గురించి కూడా ఒక మాట. డాక్టర్ ఇచ్చే సర్టిఫికెట్‌లో శరీరానికి ఎంత శాతం నష్టమో ఉంటుంది. సంపాదనకు ఎంత నష్టం అన్నది వేరే లెక్క అని 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బల్ల దగ్గర కూర్చుని లెక్కలు రాసే మనిషికి మోకాలి కింద కాలు పోవడం వేరు, నిచ్చెన ఎక్కి ఫ్యాను బిగించే మనిషికి పోవడం వేరు. ఆయన పని ఎలాంటిదో, ఇప్పుడు ఏం చేయలేరో కోర్టు ముందు స్పష్టంగా పెట్టే లాయరు కావాలి మీకు.

ఆ లాయరు మీ వీధిలోనే ఉన్నారని నాకనిపిస్తోంది. చిన్న ఆఫీసు అని వెనకాడకండి. ఇలాంటి కేసుకు పెద్ద భవనం అక్కర్లేదు. ఎఫ్ఐఆర్, చార్జిషీటు, బండ్లను తనిఖీ చేసిన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ఇచ్చే ఎంవీఐ రిపోర్టు, గాయాల గురించి డాక్టర్ ఇచ్చే వూండ్ సర్టిఫికెట్ వెంటపడి తెచ్చే ఓపిక, డాక్టర్‌ని సాక్షిగా కోర్టుకు రప్పించే పట్టుదల ఉంటే చాలు. పొద్దున పాల ప్యాకెట్ దగ్గర మీకు ఎదురుపడే మనిషి మీ ఫోను ఎత్తకుండా ఎన్నాళ్లు తప్పించుకుంటారు? ఒక్కసారి ఆ జిరాక్స్ షాపు ఆయన్నీ, ఆ ఆఫీసులో కేసు నడిచిన ఇద్దరు ముగ్గుర్నీ అడగండి. డబ్బు ఎవరి ఖాతాలో పడింది, ఎంత పడింది, చెప్పిన ఫీజు కంటే ఎక్కువ తీసుకున్నారా. ఈ మూడు అడిగితే తెలిసిపోతుంది.

ఇక ఆ 30 శాతం మాట. అతన్ని ఏదో లాయరు ఆఫీసే పంపి ఉంటుంది. వచ్చిన పరిహారంలో వాటా తీసుకుంటానని, గెలుపును బట్టి ఫీజని ఒప్పందం చేసుకోవడం లాయర్లకు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల ప్రకారం నిషేధం. మనుషుల్ని పంపి కేసులు పట్టడమూ నిషేధమే. లక్షన్నర మొత్తంగా ఇంత అని ముందే చెప్పి, విడతలవారీగా తీసుకుంటామన్న మీ వీధి లాయరు గారి పద్ధతే సరైనది. ఆ మాటను కాగితం మీద రాయించుకోండి, కోర్టు ఖర్చులు అందులో కలిశాయా లేదా కూడా. 20 వేలు కూడా కష్టమైతే, వైకల్యం ఉన్న వాళ్లకు చట్టప్రకారం ఉచిత న్యాయ సాయం ఉంది. పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టులో న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో అడగండి.

ఇప్పటికే సంతకం పెట్టాం కదా అని భయపడకండి. లాయర్ని మార్చుకునే హక్కు మీది. ఫీజు బాకీ ఉందని క్లయింటు కాగితాలు ఆపుకోకూడదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. వకాలత్, అంటే మీ తరఫున కేసు నడిపే అధికారం, రద్దు చేసుకుంటున్నామని, తెల్ల కాగితాలు సహా అన్నీ తిరిగివ్వాలని రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. దాని జిరాక్స్, పోస్టు రసీదు దాచుకోండి. మీ బ్యాంకు పాస్‌బుక్, ఏటీఎం కార్డు ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. 2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు, ఇలాంటి పరిహారం కేసులు చూసే కోర్టులో, అంటే ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేయాలని చట్టం మారింది. మీకు మిగిలింది రెండు నెలలే. మీరు ఉండేది అంబర్‌పేట్ కాబట్టి ప్రమాదం ఎక్కడ జరిగినా ఇక్కడే వేసుకోవచ్చు. పరిహారం మీద వడ్డీ కూడా సాధారణంగా కేసు వేసిన తేదీ నుంచే లెక్కిస్తారు. త్వరగా వేస్తే ఆ మేరకు మీకే లాభం.

మా బాబాయికి ఇలాగే జరిగింది, ఆయన సెంట్రింగ్ పని చేసేవాడు. నడుము దెబ్బతింది. మధ్యవర్తి ఒకతను సెటిల్ చేయించాడు, ఎంతో కొంత వచ్చింది కదా అనుకున్నాం అందరం. ఆ వచ్చిన దాంట్లో ఒక బంధువు చేబదులు అడిగాడు, ఊళ్లో ఒక ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చారు, మిగిలింది పెళ్లికి పోయింది. రెండేళ్లు తిరక్కుండానే పిన్ని ఇళ్లల్లో పనికి వెళ్లింది. అప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. ఆ ఇంట్లో ఒక్కరైనా లెక్క వేసి చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇలా డబ్బు లెక్కలు వేసి సలహా చెప్పే వృత్తిలోకి నేను రావడానికి అదీ ఒక కారణమే.

మరి రెండేళ్లు ఎలా ఆగాలి? మిమ్మల్ని 8 లక్షల వైపు తోస్తున్నది ఆ మూడు రూపాయల వడ్డీ. 4 లక్షలకు నెలకు 12 వేలు, మీ టైలరింగ్ డబ్బంతా పెట్టినా చాలదు. పుస్తెలు పక్కన పెట్టి మిగతా బంగారం బ్యాంకులో తాకట్టు పెట్టండి. ఏడాదికి పది శాతం వడ్డీ అనుకున్నా నెలకు 3,300 చిల్లర. నెలకు దాదాపు 8,700 మిగులుతుంది, రెండేళ్లలో 2 లక్షలు దాటుతుంది. లాయరు గారి ఫీజు ఆ తేడాలోనే వెళ్లిపోతుంది. గడువు రాగానే వడ్డీ కట్టి రెన్యువల్ చేయించుకోవడం మాత్రం మరవొద్దు. బంగారం తాకట్టు పెట్టడం ఆడవాళ్లకు ఎంత బాధో నాకు తెలుసు. అది మళ్లీ ఇంటికొస్తుంది, వడ్డీకి పోయిన డబ్బు రాదు.

చాలామంది మరిచిపోయే డబ్బు రెండు చోట్ల ఉండొచ్చు. బండి మీ ఆయన పేరు మీదే ఉండి, లైసెన్సు ఉండి, ఆయనే నడుపుతుంటే బండి ఇన్సూరెన్సులో ఓనర్ కమ్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందేమో చూడండి. 15 లక్షల కవరు అది, ఒక కాలు పోతే అందులో సగం, అంటే ఏడున్నర లక్షలు. లారీ వైపు నుంచి వచ్చే పరిహారంతో దానికి సంబంధం లేదు. పాలసీ కాగితంలో ఆ కవరుకు ప్రీమియం కట్టినట్టు ఉంటే వెంటనే ఆ కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. రెండోది, ప్రధానమంత్రి సురక్ష బీమా. ఏడాదికి 20 రూపాయలు కట్ అయి ఉంటే, ఒక పాదం పూర్తిగా పోయిన వాళ్లకు లక్ష ఇస్తారు.

ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం తీసుకుని, వైకల్యం ఉన్న వాళ్లకిచ్చే చేయూత పింఛనుకు కూడా దరఖాస్తు పెట్టండి.

కేసు నడుస్తుండగా లోక్ అదాలత్‌లో రాజీకి పిలవొచ్చు. వెళ్లండి, అందులో తప్పులేదు. కానీ అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు. నా మాటకు విలువిస్తే, మీ లాయరు గారు వేసిన లెక్కలో ముప్పావు వంతుకు తక్కువైతే సంతకం పెట్టకండి.

డబ్బు వచ్చాక ఏం చేయాలన్నది ఇప్పుడే అనుకుని పెట్టుకుంటే మంచిది, అప్పుడు అడిగేవాళ్లు ఎక్కువవుతారు. మాటవరసకు 18 లక్షలు వచ్చాయనుకుందాం. ముందు 4 లక్షలతో బంగారం విడిపించండి. లాయరు గారికి మిగిలిన లక్షా 30 వేలు ఇవ్వండి. 9 లక్షలు పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీములో ఇద్దరి పేరు మీద పెడితే, ఇది రాస్తున్నప్పటి 7.4 శాతం వడ్డీతో నెలకు 5,550 వస్తుంది. ఖాతా తెరిచిన రోజు ఉన్న వడ్డీయే ఐదేళ్లూ ఉంటుంది. కృత్రిమ కాలు కొన్నేళ్లకోసారి మార్చాలి, ఆ ఖర్చుకు, అత్యవసరాలకు లక్ష సేవింగ్స్‌లో ఉంచండి. కాలు మార్పిడి ఖర్చును క్లెయిమ్‌లోనే అడగమని, కొటేషన్ జత చేయమని లాయరు గారికి చెప్పండి. పాపకు పదేళ్లు నిండకముందే సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి, నెలకు 500 అయినా సరే. ట్రిబ్యునలే కొంత డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయమంటే గొడవ పడకండి, అవసరానికి తీయడానికి అనుమతి అడిగే దారి ఎలాగూ ఉంటుంది. ప్రీ లాంచ్ ప్లాటు, చిట్టీ, వడ్డీకి తిప్పడం, ఈ మూడింటికీ ఆ డబ్బులో రూపాయి కూడా పోకూడదు.

లక్షన్నర మాత్రం మీ ఆయన కోసం పక్కన పెట్టండి. నిచ్చెన ఎక్కలేకపోవచ్చు, కానీ చేతులకు పని తెలుసు. మోటార్ వైండింగ్, మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెల రిపేరు కూర్చుని చేసే పనులే. డబ్బు వచ్చేదాకా ఆగక్కర్లేదు, వరండాలో ఒక బల్ల వేసి నెలకు ఎన్ని వస్తాయో ఇప్పటి నుంచే చూసుకోండి. అది నడిస్తేనే షాపు. ఈ సంపాదన వల్ల కేసు దెబ్బతింటుందేమోనని దాచొద్దు, లాయరు గారికి ముందే చెప్పండి.

సోమవారం బ్యాంకుకు వెళ్లినప్పుడు మీ ఆయన పాస్‌బుక్ ప్రింటు వేయించండి. మే, జూన్ నెలల్లో 20 రూపాయలు కట్ అయిన వరుస ఉందేమో వెతకండి. ఉంటే అక్కడే క్లెయిమ్ ఫారం అడిగి తీసుకుని, అటు నుంచి అటే జిరాక్స్ షాపు మెట్లెక్కండి.