మిలటరీ స్కోపుల పిచ్చి మాన్పించాలా, ఆప్టిక్స్ చదివించాలా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. ఏడాదిన్నరగా పాత మిలటరీ సామాను పోగేస్తున్నాడు. మూడు బైనాక్యులర్లు, ఒక దిక్సూచి, ఒక తుపాకీ స్కోపు (గురి చూసే దుర్భిణి గొట్టం) తెచ్చుకుని మంచం పక్కనే పెట్టుకున్నాడు. ఇంకో దిక్సూచిని వాళ్ల నాన్న కోపంతో పాత ఇనుము అబ్బాయికి వేసేశారు. సీఎస్ఈ ఏఐ-ఎంఎల్‌లో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడి పెట్టాం. వాడేమో ఆప్టిక్స్ (కాంతి, అద్దాల శాస్త్రం) చదువుతానంటున్నాడు. రెండింటిలో ఏది మంచిది? తుపాకీ సామాను ఇంట్లో ఉందని ఎవరైనా చెప్తే పోలీసులొస్తారేమోనని భయంగా ఉంది. ఈ పిచ్చి మాన్పించడం ఎలా?

జవాబు: అమ్మా, ఏ కోర్సు మంచిదని అడిగారు గానీ, మీకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది పోలీసుల మాటే. ముందు దాని సంగతి చూద్దాం.

1959 ఆయుధాల చట్టం తుపాకీకీ, తూటాకీ, తుపాకీ భాగాలకీ లైసెన్సు అడుగుతుంది. బైనాక్యులర్, దిక్సూచి గురించి బెంగ అక్కర్లేదు. స్కోపు విషయంలో మాత్రం ఎవరో చెప్పిన మాట మీద ఉండిపోకండి. దాని ఫొటో, కొన్న బిల్లు జతచేసి, కలెక్టరేట్‌లో ఆయుధ లైసెన్సులు చూసే సెక్షన్‌లో అర్జీ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కాగితం స్కోపుతోపాటే ఉండాలి. మీవాడు స్కోపును దేనికీ బిగించకూడదు, ఎయిర్ గన్‌కి కూడా. తుప్పు పట్టిన తుపాకీ బ్యారెల్ ముక్క, బోల్టు లాంటివి ఊరికే ఇస్తామన్నా ఇంటికి తేకూడదు. చీకట్లో చూపించే నైట్ విజన్, వేడిని పసిగట్టే థర్మల్, దూరం కొలిచే లేజర్ రేంజ్ ఫైండర్ జోలికి అసలే పోకూడదు. విదేశీ సైట్లలో ఆర్డర్ పెట్టడం, ఇక్కడి స్కోపును బయటి దేశానికి పోస్టులో పంపడం కూడా వద్దు. మిలటరీ స్కోపుల ఎగుమతికి ప్రభుత్వ అనుమతి కావాలి. ప్రభుత్వ శాఖల పాత సామాను ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ ఈ-వేలంలో అమ్ముతారు. అలా బయటికొచ్చిన సరుకుకి కాగితాలుంటాయి. కాగితం లేనిది ఎంత చౌకగా వచ్చినా వదిలేయాలి. ఇంత పాటిస్తే మీరు భయపడాల్సింది లేదు.

నిజంగా భయపడాల్సింది మీవారు చేసిన పనికి. పాత మిలటరీ దిక్సూచులు చాలావాటిలో అంకెల మీద పూసిన రంగులో రేడియం అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. అది ఇప్పుడు చీకట్లో మెరవదు. మెరిసే జింక్ సల్ఫైడ్ ఎప్పుడో చెడిపోయింది. కానీ రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. అద్దం పగలకుండా, మూత బిగించి ఉన్నంతకాలం చేతిలోకి తీసుకుని చూస్తే పెద్ద ప్రమాదం లేదు. దాన్ని సుత్తితో కొట్టి ఇత్తడి వేరు చేస్తే ఆ పొడి పీల్చేది పాత ఇనుము కొట్లో పనిచేసే కుర్రాడు. కోపం వచ్చిందని ఇంట్లో వస్తువు పారేసే ముందు అదేమిటని అబ్బాయిని ఒక్క మాట అడిగుంటే చెప్పేవాడు కదా! వీలైతే ఇవాళే ఆ కొట్టుకి వెళ్లి వెనక్కి తెచ్చుకోండి.

ఇక పిచ్చి సంగతి. మిలటరీ ఆప్టిక్స్ పోగుచేసేవాళ్లలో రెండు రకాలున్నారు. ఒకరు వస్తువు కొంటారు, ఇంకొకరు వస్తువును చదువుతారు. మీవాడు ఏ రకమో తెలియాలంటే అతని నోట్‌బుక్ చూపించమనండి. నోట్‌బుక్కే లేదంటే ఆ ఖర్చు ఆపేయండి, నేనూ మీ పక్షమే.

ఉంటే అందులో ఏముండాలో చెప్తాను. బ్రిటిష్ నం. 32 స్కోపునే తీసుకోండి. ఎన్‌ఫీల్డ్ నం. 4 (టి) స్నైపర్ రైఫిల్ మీద వాడినది ఇదే. గొట్టం మీద ‘నం. 32’ పక్కన మార్క్ అంకె (ఎన్నో రూపమో చెప్పేది), దాని కింద ఓ.ఎస్. నంబరు (ఆ రూపానికి సైన్యం ఇచ్చిన గుర్తింపు అంకె), తయారీదారు పొడి అక్షరాలు, సంవత్సరం, సీరియల్ నంబరు చెక్కి ఉంటాయి. మార్క్ 1కి ఓ.ఎస్. 466 ఎ, మార్క్ 2కి 1650 ఎ, మార్క్ 3కి 2039 ఎ. గొట్టం మీద మార్క్ 3 అని ఉండి ఓ.ఎస్. నంబరు 466 కనిపిస్తే ఎక్కడో తేడా ఉంది, డబ్బు జేబులోంచి తీయకూడదు. దీని నకళ్లు బజారులో చాలానే ఉన్నాయి. నకలులో అక్షరాలు పైపైన గీసినట్టుంటాయి, లోతు ఒక్కలా ఉండదు. లోపల చూస్తే కింది నుంచి లేచిన మొనదేలిన స్తంభం, అడ్డంగా సన్నని తీగ కనిపించాలి. సంవత్సరం, అద్దం రంగు కూడా సరిపోవాలి. అద్దం మీద నీలి, ఊదా ఛాయ కొట్టే పూత 1935లో జర్మనీ అద్దాల కంపెనీ జైస్‌లో స్మాకులా అనే శాస్త్రవేత్త కనిపెట్టిన పద్ధతి. అంతకుముందు తయారైందని చెప్పే బైనాక్యులర్‌లో ఆ ఛాయ కనిపిస్తే అద్దాలు తర్వాత మార్చారన్నమాట. పూత లేని అద్దం ఒక్కో ముఖం దగ్గర దాదాపు 4 శాతం వెలుగు వెనక్కి పోతుంది. అలాంటి ముఖాలు 10 ఉంటే లోపలికెళ్లిన వెలుగులో మూడో వంతు కంటికి చేరదు. మీవాడు ఈ లెక్క తనంతట తాను వేసి ఉంటే అతనికి ఆప్టిక్స్ పాఠం ఒంటబట్టిందనే.

మన ఊళ్లలో ఈ వస్తువులకి శత్రువు బూజు. కృష్ణా తీరపు ఉక్కపోతలో, జూన్ నుంచి నవంబరు దాకా, పాత తోలు కేసులో పెట్టి మూస్తే అద్దం లోపల సాలెగూడులా బూజు అల్లుకుంటుంది. అది విడిచే ఆమ్లం పూతను తినేస్తుంది, ఆ మచ్చ మళ్లీ పోదు. తోలు కేసు విడిగా పెట్టాలి. వస్తువును గాలి చొరబడని డబ్బాలో, సిలికా జెల్ సంచులతో, చిన్న తేమ మీటరుతో ఉంచాలి. తేమ 40–50 శాతం మధ్య ఉంటే చాలు. తుడిచేటప్పుడు ముందు రబ్బరు బుడ్డితో గాలి ఊదాలి, తర్వాత మెత్తటి బ్రష్, ఆఖరున లెన్స్ టిష్యూకి ఒక చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది మధ్య నుంచి అంచుకి తిప్పాలి. చుక్క నేరుగా అద్దం మీద వేస్తే అంచులోంచి లోపలికి దిగుతుంది. పాతవాటిలో రెండు అద్దాల్ని అతికించింది కెనడా బాల్సమ్ అనే జిగురుతో, అది వదిలిందంటే అంచున ఇంద్రధనుస్సు రంగులొస్తాయి. లుంగీ అంచుతో తుడవడం, కటింగ్ ప్లేయర్‌తో రింగు తిప్పడం, ఇత్తడి మెరవాలని పాలిష్ పట్టడం, ఈ మూడూ వస్తువును చంపేస్తాయి. పాలిష్‌తో చెక్కిన అక్షరాలు అరిగిపోతే వస్తువు ఊరూ పేరూ పోయినట్టే.

ఈ పనులకి జీతమిచ్చే చోటు ఉందా అన్నది మీ తర్వాతి ప్రశ్న. ఉంది, విజయవాడకి 70 కిలోమీటర్ల దూరంలో. 1926లో మచిలీపట్నంలో మొదలైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో రక్షణ రంగ ప్రభుత్వ సంస్థ బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్)లో కలిసింది. ఆ యూనిట్ సైన్యానికి నైట్ విజన్ పరికరాలు చేస్తుంది. డెహ్రాడూన్‌లో 1943 నాటి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ 2021 నుంచి ఇండియా ఆప్టెల్ అనే ప్రభుత్వ కంపెనీలో భాగమైంది. అదే ఊళ్లో డీఆర్‌డీఓ వారి ఆప్టిక్స్ పరిశోధనశాల ఐఆర్‌డీఈ ఉంది. ఇస్రోకి బెంగళూరులో లియోస్ అనే ఆప్టిక్స్ ల్యాబు ఉంది. చదువుకి కలకత్తా యూనివర్సిటీలో ఆప్టిక్స్ బీటెక్, కొచ్చిన్ యూనివర్సిటీ కుసాట్‌లో ఐదేళ్ల ఫోటోనిక్స్ ఎంఎస్సీ, ఐఐటీ ఢిల్లీలో అప్లైడ్ ఆప్టిక్స్ ఎంటెక్, తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో ఆప్టికల్ ఇంజనీరింగ్ ఎంటెక్ ఉన్నాయి.

ఒక మెలిక మాత్రం మీవాడికి చెప్పండి. బీఈఎల్ లాంటి సంస్థలు ఇంజనీర్ల నోటిఫికేషన్‌లో ఎక్కువగా ఎలక్ట్రానిక్స్, మెకానికల్ డిగ్రీలే అడుగుతాయి. అందుకని బీటెక్ ఈసీఈ లేదా మెకానికల్ చేసి, ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాసి, ఎంటెక్‌లో ఆప్టిక్స్ తీసుకోవడం నయం. ఇంటర్ అవగానే ఆప్టిక్స్ అని పేరున్న సీటు కోసమే పట్టుబడితే తలుపులు తగ్గుతాయి.

ఇప్పుడు మీరు మాట్లాడి పెట్టిన సీటు. సీఎస్ఈ చెడ్డదని నేననను. కోడింగ్ ఇష్టపడే పిల్లకి అది బంగారం. కానీ మెకానికల్, సివిల్ సీట్లు తగ్గించుకుని ఏఐ-ఎంఎల్ బోర్డు తగిలించిన కాలేజీల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. అడ్మిషన్ రోజున బోర్డు చూడకండి. ఆ సబ్జెక్టులు చెప్పేవాళ్లు ఎందరు, వాళ్ల చదువేమిటి, ల్యాబులో పనిచేసే మిషన్లు ఎన్ని, నిరుటి బ్యాచ్‌లో ఆ బ్రాంచి నుంచే ఎవరికి ఏ ఉద్యోగం వచ్చింది, కాగితం మీద ఇమ్మనండి. మొదటి రెండేళ్ల సిలబస్ మామూలు సీఎస్ఈ సిలబస్ పక్కన పెట్టి చూడండి. తేడా రెండు మూడు సబ్జెక్టులే అయితే మీరు అదనంగా కట్టేది పేరుకే. పక్కింటివాళ్లు కట్టారని మీరూ కట్టడం, నాలుగేళ్ల తర్వాత "ఇంత పోసి చదివించాం" అని పిల్లాణ్ని దెప్పడం, ఇది తప్పమ్మా. ఆ సీటు అతను అడిగింది కాదు.

మీరడిగిన పోలిక ఇంతే: మీవాడి విషయంలో ఈసీఈ సీటు, మేనేజ్‌మెంట్ కోటాలో ఏఐ-ఎంఎల్ కంటే మేలు. అందులోంచి ఆప్టిక్స్‌కీ వెళ్లొచ్చు, మనసు మారితే సాఫ్ట్‌వేర్‌కీ వెళ్లొచ్చు. పరీక్షలయ్యేదాకా కొత్త వస్తువు కొననని మాట తీసుకోండి, పాతవి లాక్కోకండి.

మంచం పక్కనున్న దిక్సూచిని మాత్రం ఈ రాత్రికే అక్కణ్నుంచి తీయించండి. రేడియం ఉంటే దాన్నుంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు వస్తూనే ఉంటుంది. గాలి ఆడే వరండాలో, చిన్నపిల్లలకి అందని అలమరలో, పగలని డబ్బాలో పెట్టించండి. డబ్బా మీద ‘తెరవకూడదు’ అన్న చీటీ అబ్బాయి చేతే రాయించి అంటించండి.