అమెరికా కాలేజీ టీమ్‌లకు అంత వింత మస్కట్లు ఎందుకు?

మీ ప్రశ్న ఇది: పులి, సింహం, డేగ అంటే సరే, బూట్లు వేసుకున్న పిట్ట, గోధుమ కట్ట, కంగారూ లాంటివి కాలేజీ టీమ్‌కి గుర్తుగా, అంటే మస్కట్‌గా, ఎవరు పెడతారు, ఎందుకు పెడతారు? మీరు చెప్పిన మూడూ కాన్సస్, మిస్సోరీ రాష్ట్రాలవే. నేను లారెన్స్‌లోని కాన్సస్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేశాను, ఆ తర్వాత ఉద్యోగం కాన్సస్ సిటీలో. కాబట్టి వీటి సంగతి దగ్గరగా తెలుసు.

వీటిలో ఏదీ పెద్దలు కూర్చుని ఆలోచించి డిజైన్ చేయించింది కాదు. టీమ్ పుట్టిన రోజుల్లో ఆ ఊరివాళ్లు ఏ పని చేసుకుని బతికారో, దేనికి భయపడ్డారో, దేని గురించి మాట్లాడుకున్నారో అదే పేరుగా అతుక్కుపోయింది. బొమ్మ ఎప్పుడో తర్వాత వచ్చింది. అందుకే బొమ్మను చూస్తే నవ్వొస్తుంది, పేరు ఎక్కడిదని అడిగితే కథ బయటికొస్తుంది.

ముందు మా పిట్ట. దాని పేరు జేహాక్. అలాంటి పిట్ట లోకంలో ఎక్కడా లేదు. వేరే పిట్టల గూళ్లు దోచుకునే బ్లూ జేని, మాటు వేసి కొట్టే చిన్న డేగని కలిపి ఊహించుకున్నది. 1854లో అమెరికా పార్లమెంటు ఒక చట్టం చేసింది. కాన్సస్‌లో బానిసత్వం ఉండాలా వద్దా అన్నది అక్కడికి వచ్చి స్థిరపడ్డవాళ్లే ఓటు వేసి తేల్చుకోవాలంది. దాంతో రెండు పక్షాలవాళ్లూ పోటీపడి వచ్చి పడ్డారు. బానిసత్వం వద్దన్నవాళ్లు ఆ ఏడాదే కట్టుకున్న ఊరు లారెన్స్. పక్కనున్న మిస్సోరీలో బానిసత్వం చట్టబద్ధం. సరిహద్దుకు అటూ ఇటూ దాడులు, దోపిడీలు, ఇళ్లు తగలబెట్టడాలు ఏళ్ల తరబడి సాగాయి. అలా దాడులు చేసేవాళ్లను జేహాకర్లు అనేవారు. మొదట్లో ఏ పక్షంవాళ్లనైనా అనేవారు, పోనుపోను అది బానిసత్వాన్ని ఎదిరించిన కాన్సస్ వాళ్ల పేరైంది.

1863 ఆగస్టు 21న తెల్లవారుతూనే బానిసత్వం పక్షాన, మిస్సోరీ వైపు నుంచి క్వాంట్రిల్ అనేవాడి వెంట గుర్రాల మీద వచ్చిన దండు లారెన్స్ మీద పడింది. 150 మందికి పైగా మగవాళ్లను, కుర్రాళ్లను చంపి ఊరికి నిప్పు పెట్టింది. 1866లో అదే ఊళ్లో, కొండ మీద యూనివర్సిటీ పాఠాలు మొదలయ్యాయి. 1890లో ఫుట్‌బాల్ టీమ్ దిగేనాటికి దానికి పేరు వెతకాల్సిన పని లేకపోయింది, ఊరంతా జేహాకర్లే.

బూట్ల సంగతికొస్తే, 1912లో హెన్రీ మలోయ్ అనే విద్యార్థి స్టూడెంట్ పేపర్‌కి కార్టూన్ గీస్తూ పిట్టకి బూట్లు తొడిగాడు. ఎదుటి టీమ్‌ని తన్నడానికట! ఆ తర్వాత చాలామంది దాన్ని మార్చి మార్చి గీశారు. 1941 నాటి పిట్ట మొహం చిట్లించి కొట్లాటకు సిద్ధంగా ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక 1946లో హెరాల్డ్ శాండీ నవ్వుతున్న పిట్టను గీశాడు. మీరు టీషర్టుల మీద చూసేది అదే. 1971లో హోమ్‌కమింగ్, అంటే పాత విద్యార్థులు తిరిగొచ్చే పండగ మ్యాచ్‌కి హాఫ్‌టైమ్‌లో గ్రౌండ్ మధ్యకి పెద్ద గుడ్డు తెచ్చి పెట్టి, అందులోంచి బేబీ జే అనే పిల్ల పిట్టను బయటికి రప్పించారు. అది ఒక విద్యార్థిని ఆలోచన. అప్పటి నుంచి పెద్ద పిట్ట, పిల్ల పిట్ట రెండూ మ్యాచ్‌లకి వస్తున్నాయి.

పులి అంటే సరే అన్నారు కదా, మిస్సోరీ యూనివర్సిటీ పులి కూడా అడవి నుంచి రాలేదు. అంతర్యుద్ధం చివర్లో, 1864లో, దోపిడీ దండు వస్తోందన్న భయంతో, ఆ యూనివర్సిటీ ఉన్న కొలంబియా ఊరివాళ్లు కాపలా దళం కట్టుకుని దానికి టైగర్స్ అని పేరు పెట్టుకున్నారు. దండు ఆ ఊరికి రాలేదు గానీ పేరు మాత్రం నిలిచి ఫుట్‌బాల్ టీమ్‌కి వచ్చింది. ఆ పులి పేరు ట్రూమన్, ఆ రాష్ట్రంవాడైన అమెరికా అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ పేరే. అంటే రెండు మస్కట్లూ ఒకే గొడవల కాలంలోంచి వచ్చినవే. 1891లో మొదలైన వీళ్ల ఫుట్‌బాల్ పోటీని చాలాకాలం బోర్డర్ వార్ అనే పిలిచారు.

మిస్సోరీ వాళ్ల బాధ కూడా చెప్పాలి. 1861లో కాన్సస్ నుంచి వెళ్లిన జిమ్ లేన్ దళం ఓసియోలా అనే మిస్సోరీ ఊరిని దోచి తగలబెట్టింది. 2011లో ఆ చిన్న ఊరి పాలకమండలి, జేహాక్ పేరు మానుకోండని మా యూనివర్సిటీని కోరుతూ తీర్మానం చేసింది. అది విని క్యాంపస్‌లో చాలామంది నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మన పల్లెల్లో తాతల నాటి కక్షలు ఎంత గుర్తుంటాయో తెలిసినవాళ్లెవరికీ నవ్వు రాదు. అయినా పేరు మార్చాలని నేననను. బానిసత్వం వద్దని నిలబడిన ఊరి పేరు అది. కాకపోతే ఓసియోలా కథ కూడా దాంతోపాటు చెప్పాలి.

అలవాట్ల విషయానికొస్తే మా యూనివర్సిటీ అలెన్ ఫీల్డ్‌హౌస్‌లో బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూడాలి. 1955లో కట్టిన పాత హాలు, వేలమంది పడతారు. బాస్కెట్‌బాల్‌ని కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్తే మా మొదటి కోచ్. నేను వెళ్లిన మొదటిసారి, ఎదుటి టీమ్ ఆటగాళ్ల పేర్లు చదువుతుంటే స్టూడెంట్లందరూ పేపర్లు విప్పి మొహాలకు అడ్డం పెట్టుకున్నారు. మీరెవరో మాకు పట్టదు అన్నట్టు. పక్కనున్న అమ్మాయి నాకూ సగం పేపర్ చింపి ఇచ్చింది. మా వాళ్ల పేర్లు మొదలవగానే ఆ పేపర్లన్నీ ముక్కలై పైకి లేచాయి.

గెలుపు ఖాయమయ్యాక ఇంకో సందడి. "రాక్ చాక్, జేహాక్, కేయూ" అని హాలంతా నెమ్మదిగా, సాగదీసి అంటారు. కేయూ అంటే మా యూనివర్సిటీయే. ఒళ్లు గగుర్పొడుస్తుంది. దీన్ని 1886లో బెయిలీ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్, తోటివాళ్లు కలిసి కట్టారు. మొదట రాక్ చాక్ బదులు, ఇంగ్లీషులో టీమ్‌ని ఉత్సాహపరిచే "రా రా" అనే కేకే ఉండేది. యూనివర్సిటీ ఉన్న కొండ నిండా సున్నపురాయి కాబట్టి అది రాక్ చాక్ అయింది. ఆట అయిపోయాక రెండు చేతులూ పైకెత్తి మెల్లగా అటూ ఇటూ ఊపుతారు. గాలికి ఊగే గోధుమ చేను అది.

గోధుమ అనగానే కాన్సస్‌లోని విచిటా స్టేట్ యూనివర్సిటీ సంగతి. ఈ మూడింటిలో నాకు మనసుకి దగ్గరైంది అదే. దాని మస్కట్ వూషాక్, కోపంగా మొహం పెట్టిన గోధుమ కట్ట. అది ఫెయిర్‌మౌంట్ కాలేజీగా ఉన్న రోజుల్లో కుర్రాళ్లు కోతల కాలంలో పొలాలకి కూలికి వెళ్లి చదువు ఖర్చులు సంపాదించుకునేవారు. కోసిన గోధుమని కట్టలు కట్టి, కంకులు పైకి ఉండేలా ఒకదానికొకటి ఆనించి ఎండడానికి నిలబెట్టే పని. అలా నిలబెట్టిన కట్టల్ని ఇంగ్లీషులో షాక్ అంటారు. ఆ పని పేరే, షాకర్స్ అని, 1904లో టీమ్‌కి పెట్టారు. కట్టకి కాళ్లూ చేతులూ మొహం వచ్చింది 1948లో.

మాది గోదావరి జిల్లాలో వరి పండించే కుటుంబం. కోసి పనలు వేయడం, ఎండాక కట్టలు కట్టి కుప్ప వేయడం, కుప్ప తడవకుండా రాత్రంతా మబ్బుల వంక చూడటం ఇంట్లో చూసినవాణ్ణి. కూలి పని పేరు దాచుకోకుండా ఛాతీ మీద రాసుకుని ఆటకు దిగిన కాలేజీ అంటే నాకు గౌరవం. చాలామంది తెలుగు పిల్లలు అక్కడ చదువుతున్నారు, ఆ టీషర్టు వేసుకు తిరుగుతున్నారు. ఆ గడ్డి జుట్టు బొమ్మ ఏమిటంటే "ఏదో కార్టూన్ అండీ" అంటారు. అది వాళ్ల తాతల పనేనని తెలిస్తే ఎంత సంతోషిస్తారో!

కంగారూది చిన్న కథ. మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో ఇప్పుడు యూఎంకేసీ (కాన్సస్ సిటీలోని మిస్సోరీ యూనివర్సిటీ) అని పిలిచే యూనివర్సిటీ 1930ల్లో కొత్తగా పెట్టినప్పుడు, ఊరి జూకి కంగారూ పిల్లలు వచ్చాయి. ఊరంతా వాటి గురించే మాట్లాడుకుంటుంటే స్టూడెంట్లు అదే మా గుర్తు అన్నారు. పేరు కేసీ. కుర్రతనంలో కొన్నాళ్లు ఆ ఊళ్లో పెరిగిన వాల్ట్ డిస్నీ 1938లో వాళ్ల పత్రిక అట్టకి మిక్కీ మౌస్‌తో కలిపి ఒక బొమ్మ గీసిచ్చారు.

మీరు ఎమ్మెస్‌కి ఇటువైపు వస్తుంటే, ఏ యూనివర్సిటీ అయినా సరే, మొదటి నెలలోనే లైబ్రరీలో పాత రికార్డులు చూసుకునేవాళ్లని మస్కట్ గురించి అడగండి. పాత ఫొటోలు, కార్టూన్లు తీసి చూపిస్తారు. లారెన్స్ వస్తే మాత్రం ఓక్ హిల్ శ్మశానానికి కూడా వెళ్లండి. 1863లో చనిపోయినవాళ్ల కోసం కట్టిన స్మారకం అక్కడుంది. అది చూశాకే మ్యాచ్‌కి టికెట్ తీసుకోండి.