మ్యాగజైన్ తీసేశాం కదా అనుకునేవాళ్లతోనే అసలు భయం

మీ ప్రశ్న ఇది: "స్ట్రైకర్ పద్ధతిలో పేలే పిస్టళ్లు ట్రిగ్గర్ ముట్టకపోయినా పేలుతున్నాయని అమెరికాలో కేసులు నడుస్తున్నాయి. మా తమ్ముడికి గన్‌మన్ డ్యూటీ పడింది. అలాంటి పిస్టలే ఇచ్చారు. భయపడాలా?"

మీ తమ్ముడు ఇంతకుముందు ఏ పిస్టల్ వాడాడో ముందు అది కనుక్కోండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది. నేను పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వులో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు చూసుకుని బాగుచేసేవాడిగా, చేసి రిటైరయ్యాను. అటు పాలమూరు, ఇటు నల్లగొండ, రెండు చోట్లా ఆయుధాల గదుల్లో గ్రీజు, నూనె వాసన పీల్చినవాణ్ణి. ఇప్పుడు పొద్దున్నే ఉదయసముద్రం కట్ట మీద నడక, సాయంత్రం ఇలాంటి ప్రశ్నలు. కాబట్టి కాస్త పొడుగైనా ఓపిక పట్టండి.

స్ట్రైకర్ అంటే స్ప్రింగు బలంతో ముందుకు దూకి తూటా అడుగున కొట్టే సూది. మీరు చదివిన గొడవంతా సిగ్ సావర్ కంపెనీ పీ320 పిస్టల్ గురించి. అది 2014లో మార్కెట్లోకి వచ్చింది. 2017 జనవరిలో అమెరికా సైన్యం దాన్నే ఎంచుకుంది. అదే ఏడాది ఆగస్టులో, వెనకభాగం నేలకు తగిలేలా ఒక కోణంలో పడితే పేలుతోందని బయటపడింది. బస్సు బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు తూలినట్టే, పిస్టల్ నేలకు కొట్టుకుని ఆగినా బరువైన ట్రిగ్గర్ తన ఊపులో తాను వెనక్కి పోయేది. కంపెనీ తేలికపాటి ట్రిగ్గర్, స్ట్రైకర్, దాన్ని పట్టి ఉంచే కొక్కెం (సియర్) బిగించి ఇస్తామని ప్రకటించింది. అయినా ఫిర్యాదులు ఆగలేదు. హోల్‌స్టర్‌లో ఉండగానే పేలిందని పోలీసులు, మామూలు జనం కోర్టులకు వెళ్లారు. 2024 జూన్‌లో జార్జియాలో ఒక జ్యూరీ దాదాపు 23.5 లక్షల డాలర్లు, నవంబరులో ఫిలడెల్ఫియాలో మరో జ్యూరీ 1.1 కోట్ల డాలర్లు పరిహారం ఇవ్వమన్నాయి. కంపెనీ మాత్రం ట్రిగ్గర్ నొక్కనిదే తమ పిస్టల్ పేలదనే అంటోంది. కోర్టులు కొట్టేసిన కేసులూ ఉన్నాయి. 2025 జులైలో వయోమింగ్‌లోని వైమానిక స్థావరంలో ఒక సైనికుడు చనిపోతే, పీ320కి సైన్యం రూపమైన ఎం18 పిస్టళ్లను అమెరికా వైమానిక దళంలోని ఒక విభాగం పక్కన పెట్టింది. తర్వాత ఆ కేసులో మరో సైనికుణ్ణి అరెస్టు చేశారు. తనిఖీలు ముగిశాక పిస్టళ్లను మళ్లీ చేతికిచ్చారు. చూశారా, తుపాకీ దోషమని మొదలైన కథ మనిషి దగ్గర తేలింది.

ఆ ఒక్క మోడల్‌ను చూసి స్ట్రైకర్ పిస్టళ్లన్నిటినీ ఒకే గాట కట్టకండి. 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న గ్లాక్ 17నే చూడండి. దాని స్ట్రైకర్ సగం వరకే వెనక్కి ఉంటుంది. మిగతా సగం మన వేలు లాగాలి. ట్రిగ్గర్ మధ్యలో చిన్న మీట ఉంటుంది, అది నొక్కుకోనిదే ట్రిగ్గర్ కదలదు. పీ320 ట్రిగ్గర్‌కు ఆ మీట లేదు, పైగా దాని స్ట్రైకర్ దాదాపు పూర్తిగా సాగి, సిద్ధంగా కూర్చుని ఉంటుంది. నన్నడిగితే బొటనవేలితో వేసే సేఫ్టీ లేని పిస్టల్‌కు అలాంటి అమరిక పెట్టడమే అత్యాశ. ఆ కంపెనీ ఇంజినీర్లు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే పోనీ.

ఇక మన సంగతి. మన పోలీసుల్లో నా తరం వాళ్లందరి చేతులు ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 9 ఎంఎం పిస్టల్ మీద పడి అరిగినవే. అది బ్రౌనింగ్ హైపవర్‌కు నకలు. పదమూడు తూటాలు పడతాయి. స్ట్రైకర్ బదులు దెబ్బ కొట్టే సుత్తి, అంటే హ్యామర్, వెనక బయటికే కనిపిస్తుంది. లేచి ఉంటే ఒకలా, పడి ఉంటే ఒకలా, గది అవతలి నుంచి చూసినా తెలుస్తుంది. బొటనవేలి కింద సేఫ్టీ ఉంటుంది. చాలామంది పట్టించుకోని ఇంకో ఏర్పాటు కూడా ఉంది. తూటాలు నింపే డబ్బా, అంటే మ్యాగజైన్, బయటికి తీస్తే ఆ పిస్టల్ ట్రిగ్గర్ చచ్చిపడి ఉంటుంది. గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోట, అంటే చాంబర్‌లో, తూటా ఉన్నా సరే, ఎంత నొక్కినా హ్యామర్ పడదు. ఫ్రెంచి సైన్యం అడిగిందని పెట్టిన ఏర్పాటట అది. అడిగినవాళ్లు చివరికి ఆ పిస్టల్ కొనలేదు, ఆ అలవాటు మాత్రం నల్లగొండ దాకా వచ్చింది.

గ్లాక్‌లో అది లేదు. మ్యాగజైన్ తీసి బల్ల మీద పెట్టినా చాంబర్‌లో తూటా ఉంటే పేలుతుంది. పైగా శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కితే తప్ప, పైన ముందుకూ వెనక్కీ జారే స్లైడు ఊడదు. పాత పిస్టల్‌తో పదిహేనేళ్లు గడిపిన మనిషి చేతికి దీన్నిచ్చి, సంతకం పెట్టించుకుని పంపేస్తే ఏమవుతుందో ఊహించండి. ఊహించే అవసరం నాకు లేదు, నా కళ్ల ముందే జరిగింది.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు. అటు బీచుపల్లి, సోమశిల, ఇటు నాగార్జునసాగర్, వాడపల్లి, ఎక్కడ చూసినా బందోబస్తే. వచ్చిపోయే పెద్దల వెంట గన్‌మన్లు నిద్ర లేకుండా తిరిగారు. పుష్కరాలు ముగిశాక ఆయుధాలు వెనక్కి తీసుకుంటున్నాం. ఏ ఊరో చెప్పను. రాత్రి భోజనాల వేళ ఒక హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. సఫారీ చొక్కా చంకల కింద చెమట ఆరి తెల్లటి ఉప్పు చారలు కట్టింది. నడుము దగ్గర బట్ట హోల్‌స్టర్, దాని గుండీ ఎప్పుడో ఊడిపోయింది. అందులో స్ట్రైకర్ రకం కొత్త పిస్టల్. మ్యాగజైన్ తీసి బల్ల మీద పెట్టాడు. నేను రిజిస్టర్‌లో నంబరు వెతుకుతూ, తల ఎత్తకుండానే "చాంబర్ చూశావా?" అన్నాను.

"మ్యాగజైన్ తీసేశాను కదా అన్నా, ఇంకేముంటుంది?" అంటూనే పిస్టల్ నేలవైపు దించి ట్రిగ్గర్ నొక్కాడు.

మూసిన గదిలో 9 ఎంఎం పేలుడు ఎలా ఉంటుందో విన్నవాళ్లకే తెలుస్తుంది. చెవులు గింగురుమన్నాయి. తూటా షాబాద్ బండకు తగిలి పైకి లేచి ర్యాక్‌లో వరసగా నిలబెట్టిన రైఫిళ్లలో ఒకదాని కర్ర మడమలో దిగింది. బండ మీద బొటనవేలి గోరంత తెల్లటి గుంట, దాని చుట్టూ సీసం రాసుకున్న బూడిదరంగు మరక. రైఫిల్ కర్రలో రాగి పొర ముక్క మెరుస్తోంది. మా ఇద్దరి కాళ్లూ క్షేమం. ఆ మనిషి చేసిన మొదటి పని మాత్రం నాకు ఇప్పటికీ గుర్తే. బల్ల మీది మ్యాగజైన్ తీసుకుని ఒక్కో తూటా బయటికి నెడుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి తక్కువ వచ్చింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

విచారణ జరిగింది. నిర్లక్ష్యం అని రాసి చార్జి మెమో ఇచ్చారు. పాత పిస్టల్ మ్యాగజైన్ తీస్తే పేలదు, కొత్తది పేలుతుంది, ఆ తేడా ఇతనికి ఎవరూ చేతులు పట్టుకుని నేర్పలేదని నేను చెప్పాను. "పిస్టల్ బాగానే పనిచేసింది కదా, మరి తప్పు మనిషిదే" అన్నారు పై అధికారి. కాగితం మీద అది నిజమే. ఆర్మరర్ మాట ఫైలులో ఎక్కడా చేరదు. స్ప్రింగు విరిగితేనే మేము గుర్తొస్తాం.

మన దగ్గర పొరపాటున పేలే తుపాకుల కథలు విప్పితే దాదాపు అన్నిట్లోనూ ఇదే కనిపిస్తుందని నా గట్టి నమ్మకం. కొందరు ముందు స్లైడు లాగి, తర్వాత మ్యాగజైన్ తీస్తారు. లాగినప్పుడు ఒక తూటా బయటపడుతుంది, వదలగానే ఇంకోటి లోపలికి ఎక్కుతుంది. ఖాళీ చేశామనుకుని నింపి పెడతారు. దీనికి కోర్టులు, జ్యూరీలు అక్కర్లేదు. ముందు మ్యాగజైన్, తర్వాత స్లైడు, ఆ తర్వాత చాంబర్‌లో కన్నుతో పాటు చిటికెన వేలూ పెట్టి చూడటం, ఇంతే. కానీ నేర్పడానికి రేంజికి తీసుకెళ్లాలి, తూటాలు మంజూరు కావాలి, గన్‌మన్‌ను ఒక రోజు వదలమని నాయకుణ్ణి అడగాలి. ఆ మూడోదే అన్నిటికన్నా కష్టం. నాయకుడికి గన్‌మన్ ప్రాణరక్షణకు కాదు, ఫంక్షన్ హాల్లోకి నడిచి వచ్చేటప్పుడు వెనక ఒకడు ఉండాలి. అదే గన్‌మన్ కారు తలుపు తీయాలి, రెండు ఫోన్లు పట్టుకోవాలి, పాపను ఎత్తుకోవాలి. ఒక పెళ్లిలో గన్‌మన్ రెండు చేతుల్లో రెండు బిర్యానీ పళ్లేలు చూశాను. ఆ పాప కాలు అతని నడుముకు తగులుతూ ఉంటే, బట్ట హోల్‌స్టర్ లోపల ట్రిగ్గర్ ఎక్కడుందో ఎవరు చూశారు?

చాంబర్‌లో తూటా ఉంచాలా వద్దా అని వీడియోలు చూసే కుర్రాళ్లు ఎప్పుడూ వాదిస్తుంటారు. అమెరికా పోలీసులు నింపుకునే తిరుగుతారు, నిజమే. వాళ్ల హోల్‌స్టర్ గట్టిది, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పేస్తుంది, తీసే పద్ధతి వేల సార్లు సాధన చేస్తారు. గుండీ ఊడిన బట్ట సంచిలో పెట్టుకుని, ఏడాదికోసారి పది తూటాలు కాల్చేవాడికి నేను ఖాళీ చాంబరే చెబుతాను. దాడి జరిగితే స్లైడు లాగడానికి అర సెకను పడుతుంది, పట్టనివ్వండి. ఈ మాటకు కోపం వచ్చేవాళ్లు రావచ్చు, నేను మార్చుకోను.

మీ తమ్ముడితో మూడు మాటలు చెప్పండి. పాత పిస్టల్ అలవాటు ఉంటే, కొత్తదాన్ని తూటాల్లేకుండా ఆర్మరర్ ముందు కనీసం వంద సార్లు విప్పి బిగించమనండి, ప్రతిసారీ చాంబర్ తడిమి చూసుకోమనండి. పిస్టల్‌ను ప్యాంటు నడుములో ఎప్పుడూ దోపవద్దనండి, కారు సీట్లో కూర్చునేటప్పుడు చొక్కా అంచు కూడా ట్రిగ్గర్‌లోకి పోగలదు. ట్రిగ్గర్ కప్పే గట్టి హోల్‌స్టర్ ఇవ్వకపోతే నోటిమాటగా అడగవద్దనండి. కాగితం మీద రాసి, నకలు మీద ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోమనండి. ఇవ్వరు, ఆ సంగతి నాకు తెలుసు. రేపు ఏదైనా జరిగితే చార్జి మెమోకు జవాబు రాసేటప్పుడు ఆ నకలు పనికొస్తుంది.